ఇన్‌స్టాలర్‌లో పార్టిషన్ స్క్రీన్: ముందు తన డి డ్రైవ్ ఏదో మనిషి గుర్తుపట్టాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. బడులకీ చిన్న ఆఫీసులకీ పనికొచ్చేలా డెబియన్ అనే లినక్స్ ఆధారంగా ఇంకొక లినక్స్ తయారు చేస్తున్నారు. ఇన్‌స్టాలర్‌లో భాష, టైమ్ జోన్, పాస్‌వర్డ్ అన్నీ జనం చకచకా దాటేస్తున్నారు, డిస్క్‌ని ముక్కలుగా పంచే పార్టిషన్ స్క్రీన్ దగ్గరికి రాగానే టెన్షన్ పడి ఆగిపోతున్నారు. ఒకాయన అయితే "డిస్క్ చెరిపి ఇన్‌స్టాల్ చేయి" నొక్కి డి డ్రైవ్‌లోని ఫొటోలన్నీ పోగొట్టుకున్నారు. ఈ స్క్రీన్‌ని పూర్తిగా దాచేసి ఒకే బటన్ పెట్టాలా, వివరాలు ఇంకా ఎక్కువ చూపించాలా? కాలమారెస్ (చాలా లినక్స్‌లు వాడే రెడీమేడ్ ఇన్‌స్టాలర్) వాడుకోవాలా, సొంతంగా రాసుకోవాలా?

దాచడమా, చూపించడమా అన్న తగువు కాసేపు పక్కన పెట్టండి. ఫొటోలు పోగొట్టుకున్న ఆయనకి పార్టిషన్ అంటే తెలియక కాదు ఇలా జరిగింది. డిస్క్‌ని సి, డి, ఈ అని ముక్కలు చేసుకోవడం, ఫొటోలూ సినిమాలూ డి లో పెట్టుకోవడం, విండోస్ మొరాయిస్తే సి ఒక్కటే ఫార్మాట్ కొట్టించుకోవడం మన ఊళ్లలో కంప్యూటర్ ఉన్నవాళ్లకి బాగా అలవాటైన పనే. అమ్మిన షాపువాళ్లే చాలాసార్లు అలా చేసి ఇస్తారు. ఆయనకి తెలియనిదల్లా మీ స్క్రీన్ మీద ఉన్న నాలుగు వరసల్లో తన డి ఏది అన్నదే. విండోస్‌లో రోజూ చూసే పేర్లు, అక్షరాలు, సైజులు ఒక్కటీ అక్కడ లేవు. గుర్తుపట్టలేని మనిషి ఊహించి నొక్కుతాడు. బటన్లు ఎన్ని ఉండాలనేది ఆ తర్వాతి సంగతి. నన్నడిగితే ఈ స్క్రీన్ మీద పెట్టే శ్రమలో సగానికి పైగా, డిస్క్‌లో ఇప్పుడు ఏముందో కనిపెట్టి మనిషికి తెలిసిన పేర్లతో చూపించడం మీదే పెట్టాలి.

అక్షరం సంగతే ముందు చూద్దాం. "డి" అనే అక్షరం పార్టిషన్‌లో ఎక్కడా రాసి ఉండదు. అది విండోస్ తన రిజిస్ట్రీలో (సెట్టింగ్స్ దాచుకునే చోట) పెట్టుకునే లెక్క. అందుకే లినక్స్ ఇన్‌స్టాలర్లు దాన్ని చూపించవు, చూపించడం కుదరదనే చాలామంది అనుకుంటారు. కుదురుతుంది. విండోస్ పార్టిషన్‌ని చదవడానికి మాత్రమే తెరిచి, సిస్టమ్ 32 లోపలి కాన్ఫిగ్ ఫోల్డర్‌లో ఉండే సిస్టమ్ అనే ఫైల్ చూడండి. అందులో మౌంటెడ్ డివైజెస్ అనే విభాగం ఉంటుంది. ప్రతి అక్షరానికీ ఎదురుగా, డిస్క్ మీది పార్టిషన్ల పట్టిక కొత్త తరహా (జీపీటీ) అయితే ఆ పార్టిషన్ గుర్తింపు సంఖ్య, పాత తరహా (ఎంబీఆర్) అయితే డిస్క్ సంతకం 4 బైట్లు, పార్టిషన్ మొదలయ్యే చోటు 8 బైట్లు రాసి ఉంటాయి. రిజిస్ట్రీ ఫైళ్లు చదివే హైవెక్స్ లైబ్రరీతో ఇది చదవడం పెద్ద పనేమీ కాదు. లిబ్‌గెస్ట్‌ఎఫ్‌ఎస్ అనే పనిముట్టు వర్చువల్ మెషీన్ల కోసం ఇదే పని ఎప్పటి నుంచో చేస్తోంది, ఆ కోడ్ చూసి నేర్చుకోవచ్చు. ఇక మీ స్క్రీన్ మీద "ఎస్‌డీఏ 5, ఎన్‌టీఎఫ్‌ఎస్" (లినక్స్ పెట్టిన పేరు, విండోస్ ఫైల్ సిస్టమ్ పేరు) అనే బదులు "విండోస్‌లో మీ డి డ్రైవ్" అని వస్తుంది. ఈ ఒక్క మార్పు మిగతా అన్ని ఐకాన్ల కన్నా, రంగుల కన్నా ఎక్కువ పని చేస్తుంది.

తర్వాతది సైజు. విండోస్ 1024తో భాగిస్తుంది, డిస్క్ తయారీదారు 1000తో భాగిస్తాడు. పెట్టె మీద 512 జీబీ అని ఉన్న ఎస్‌ఎస్‌డీ విండోస్‌లో 476గా కనిపిస్తుంది, 1 టీబీది 931గా. లినక్స్ పనిముట్లలో కూడా ఏకాభిప్రాయం లేదు. జీపార్టెడ్ 1024 లెక్క చూపిస్తుంది, గ్నోమ్ డిస్క్స్ 1000 లెక్క. విండోస్‌లో 350 జీబీగా చూసిన డి డ్రైవ్ 1000 లెక్కలో దాదాపు 376 అవుతుంది. ఆ సంఖ్య చూసి "ఇది నాది కాదు" అనుకునే మనిషిని తప్పు పట్టగలమా? డిస్క్‌లో విండోస్ ఉందని తేలితే పార్టిషన్ల సైజులు విండోస్ చూపించినట్టే చూపించండి. మొత్తం డిస్క్‌కి మాత్రం పెట్టె మీది సంఖ్య, కంపెనీ పేరు పెట్టండి. ప్రమాణాల పట్టింపు ఉన్నవాళ్లు బగ్ రిపోర్ట్ రాస్తారు, రాయనివ్వండి.

మూడోది లోపల ఉన్న సరుకు. పార్టిషన్ లేబుల్, ఎంత నిండింది, పైన కనిపించే నాలుగైదు ఫోల్డర్ల పేర్లు చూపించండి. "పెళ్లి ఫొటోలు, ట్యాలీ బ్యాకప్, సాఫ్ట్‌వేర్లు" అని కనిపిస్తే ఇక వేరే హెచ్చరిక అక్కర్లేదు. ఆ పేర్లు లాగ్ ఫైల్‌లోకి మాత్రం పోనివ్వకండి, బగ్ రిపోర్టులతో పాటు బయటికి వెళ్లిపోతాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. చదవడానికి మాత్రమే అని మౌంట్ చేసినంత (తెరిచినంత) మాత్రాన డిస్క్ మీద రాత పడదని అనుకోకండి. ఈఎక్స్‌టీ 4 (లినక్స్ ఫైల్ సిస్టమ్) పార్టిషన్ సరిగా మూయకుండా వదిలేసి ఉంటే, రీడ్ ఓన్లీగా మౌంట్ చేసినా సరే కెర్నల్ (లినక్స్ గుండెకాయ) జర్నల్‌ని, అంటే సగంలో ఆగిన రాతల చిట్టాని, తిరిగి నడిపించి డిస్క్ మీద రాసేస్తుంది. ఆపాలంటే నోలోడ్ ఆప్షన్ ఇవ్వాలి, ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్‌కి నోరికవరీ. లేదంటే డిస్క్‌లో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌లని వెతికే ఓఎస్ ప్రోబర్ వాడే గ్రబ్ మౌంట్‌తో చదవండి, అది జర్నల్ జోలికి పోదు. డిస్క్‌లని దానంతటదే తెరిచే డెస్క్‌టాప్ ఆటోమౌంట్‌ని కూడా ఇన్‌స్టాలర్ నడుస్తున్నంతసేపూ ఆపేయండి. మనం చూస్తున్న డిస్క్‌ని వెనక నుంచి ఇంకొకరు తెరిచారంటే, సరిగ్గా సైజు మార్చే సమయానికి "పార్టిషన్ వాడుకలో ఉంది" అనే అర్థం కాని ఎర్రర్ వస్తుంది.

డిస్క్‌ల జాబితాలో ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్న పేర్లు అసలు పెట్టకండి. బూట్ చేసినప్పుడల్లా ఆ వరస మారొచ్చు. "శామ్‌సంగ్, 500 జీబీ, కంప్యూటర్ లోపల ఉంది", "శాన్‌డిస్క్, 64 జీబీ, యూఎస్‌బీకి తగిలించి ఉంది" అని ఉండాలి. ఇన్‌స్టాలర్ ఏ పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తోందో దాన్ని జాబితాలోంచే తీసేయండి.

అన్నిటికన్నా ప్రమాదమైనది కనిపించని డిస్క్. ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ (డిస్క్‌లని కలిపి నడిపే ఇంటెల్ ఏర్పాటు) ఆన్‌లో ఉన్న లాప్‌టాప్‌లు కొన్ని ఉన్నాయి. బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ అవగానే నడిచే సెట్టింగ్స్‌లో) స్టోరేజ్ రెయిడ్ మోడ్‌లో ఉంటుంది. 256 జీబీ ఎన్‌వీఎంఈ (వేగమైన ఎస్‌ఎస్‌డీ) ఆ కంట్రోలర్ వెనక నక్కి ఉండటం వల్ల లినక్స్‌కి కనిపించదు, 1 టీబీ హార్డ్‌డిస్క్ మాత్రం కనిపిస్తుంది. ఇప్పుడు ఇన్‌స్టాలర్ ఏమంటుంది? "ఈ కంప్యూటర్‌లో ఒకే డిస్క్ కనిపిస్తోంది, అందులో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ లేదు" అంటుంది. సాంకేతికంగా అందులో అబద్ధం లేదు, విండోస్ ఉన్నది కనిపించని డిస్క్‌లోనే. పాపం వాడేవాళ్లేమో సరేనని డేటా ఉన్న డిస్క్‌ని చెరిపేస్తారు. ఈ పరిస్థితిని కెర్నల్ పసిగట్టి లాగ్‌లో చెబుతుంది, రీమ్యాప్ అయిన (అలా నక్కిన) ఎన్‌వీఎంఈ డిస్క్‌లు ఉన్నాయి, బయాస్‌లో ఏహెచ్‌సీఐ అనే మామూలు మోడ్‌కి మార్చుకోండి అని. అదే సమాచారం, కెర్నల్ తన వివరాలు చూపించే సిస్‌ఎఫ్‌ఎస్‌లో రీమ్యాప్డ్ ఎన్‌వీఎంఈ అనే సంఖ్యగా దొరుకుతుంది. ఆ సంఖ్య సున్నా కాకపోతే పార్టిషన్ స్క్రీన్ చూపించకుండా ఆగిపోవాలి. ఉబుంటు అనే లినక్స్ ఇలాంటి చోట ఆర్‌ఎస్‌టీ ఆపమని ఒక పేజీ చూపించి ఆగుతుంది. మీరు ఇంకొక మాట కలపండి: విండోస్‌ని ముందుగా సేఫ్ మోడ్‌కి సిద్ధం చేయకుండా ఏహెచ్‌సీఐకి మారిస్తే విండోస్ బూట్ అవదు. ఆ మాట చెప్పకుండా సగం సలహా ఇవ్వడం, ఏమీ చెప్పకపోవడం కన్నా అన్యాయం.

గుర్తింపు పని అయ్యాక ఎంపికలు తేలిక. మూడో నాలుగో చాలు: విండోస్ పక్కన పెట్టడం, ఒక పార్టిషన్ ఇచ్చేయడం, డిస్క్ మొత్తం ఇచ్చేయడం, సొంతంగా చేసుకోవడం. పాత లినక్స్ కనిపిస్తే "హోమ్‌లోని ఫైళ్లు అలాగే ఉంచి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం" (హోమ్ అంటే మనిషి సొంత ఫైళ్ల చోటు) అన్నది వీటిలో మొదటి వరసలోకి రావాలి. ఖాళీ డిస్క్ అయితే తప్ప ఏదీ ముందే ఎంపికై ఉండకూడదు. కాలమారెస్ సెట్టింగ్స్‌లో మొదటి ఎంపిక ఏదీ కాదు అని పెట్టుకునే వీలుంది, అసలు దాని డిఫాల్టే అది. దయచేసి దాన్ని "ఎరేజ్"కి మార్చకండి. డెమో వీడియోలో రెండు క్లిక్‌లు తగ్గుతాయని మారుస్తుంటారు.

కుదరని ఎంపికని మాయం చేయకండి. మసకగా ఉంచి, ఎందుకు కుదరదో, కుదరాలంటే ఏం చేయాలో కింద ఒక వాక్యం రాయండి. "విండోస్ పక్కన" కనిపించకపోతే మనిషి తర్వాత కనిపించిన దాన్ని నొక్కుతాడు, అది సాధారణంగా "చెరిపేయి". ఈ కుదరని సందర్భాల్లో నాకు మాటిమాటికీ ఎదురయ్యేవి మూడు.

ఒకటి, విండోస్ పూర్తిగా ఆగకపోవడం. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ ఉంది. షట్‌డౌన్ నొక్కితే కెర్నల్ సగం నిద్రపోతుంది, ఎన్‌టీఎఫ్‌ఎస్ తెరిచినట్టే ఉండిపోతుంది. ఆ స్థితిలో సైజు తగ్గించడానికి ఎన్‌టీఎఫ్‌ఎస్ రీసైజ్ అనే పనిముట్టు ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే మంచిది. దీనికి చాలా ఇన్‌స్టాలర్లు కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్ అంటూ పెద్ద దారి చెబుతాయి. అంత అవసరం లేదు. విండోస్‌లో షట్‌డౌన్ బదులు రీస్టార్ట్ నొక్కితే అది పూర్తిగానే ఆగుతుంది. "విండోస్‌లోకి వెళ్లి, రీస్టార్ట్ నొక్కి, అక్కడి నుంచి నేరుగా ఈ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయండి" అని రాస్తే చాలు.

రెండోది బిట్‌లాకర్, అంటే డిస్క్‌కి విండోస్ వేసే తాళం. కొత్త లాప్‌టాప్‌లలో వాడేవాళ్లు అడగకుండానే ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉంటుంది. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి ఇది మరీ ఎక్కువ. తమ డిస్క్‌కి తాళం ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. అలాంటి పార్టిషన్‌ని లినక్స్ వైపు నుంచి చిన్నది చేయలేం, లోపల ఏముందో చూపించలేం, పైన చెప్పిన అక్షరాల కిటుకు కూడా పనిచేయదు. ఆ మాటే చెప్పండి: "ఈ డ్రైవ్‌కి విండోస్ తాళం వేసింది, అందుకే లోపల ఏముందో మాకు కనిపించడం లేదు. ఖాళీ అని అనుకోకండి." చివరి వాక్యం వదిలేయకండి. చోటు కావాలంటే విండోస్‌లోనే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ష్రింక్ చేసుకుని రమ్మనండి. 48 అంకెల రికవరీ కీ ముందే రాసి పెట్టుకోమని చెప్పండి, ఎందుకంటే బూట్ అమరిక మారాక విండోస్ ఆ కీ అడిగే అవకాశం ఉంది.

మూడోది పాత ఎంబీఆర్ డిస్క్‌లు. బడుల్లో దానంగా వచ్చిన కంప్యూటర్లు ఉంటాయి గనక మీకు ఇవి తగులుతాయి. ఎంబీఆర్‌లో నాలుగే ప్రైమరీ పార్టిషన్లు. తయారీదారు రికవరీ అని, టూల్స్ అని నాలుగూ వాడేసి ఉంటే, సి తగ్గించి ఎంత చోటు తీసినా అది వాడుకోలేని చోటే. "అన్‌యూజబుల్" అని ఒక్క మాట రాసి ఊరుకుంటే మనిషి విండోస్‌కి వెళ్లి అక్కడే ఐదో పార్టిషన్ చేయబోతాడు. విండోస్ దాన్ని డైనమిక్ డిస్క్‌గా మార్చేస్తానంటుంది, ఇతను సరే అంటాడు, అక్కడితో లినక్స్ వైపు దారి ఇంకా మూసుకుపోతుంది. కాబట్టి ఆ పని చేయొద్దని మీ స్క్రీనే ముందు చెప్పాలి.

విండోస్ పక్కన పెట్టేటప్పుడు ఇచ్చే స్లైడర్ గురించి రెండు ముక్కలు. విండోస్ వైపు కనీస హద్దుని నిండిన చోటు దగ్గరే పెట్టకండి, విండోస్ అప్‌డేట్‌లకి గాలి ఆడాలి. మీ సిస్టమ్‌కి కూడా బతకడానికి సరిపడా కనీసం పెట్టండి. స్లైడర్ పక్కనే సంఖ్య టైప్ చేసే పెట్టె ఉండాలి, టచ్‌ప్యాడ్ మీద ఆ గీతని కచ్చితంగా లాగడం అందరి వల్లా కాదు. ఎడమ పక్కన పార్టిషన్ మొదలయ్యే చోటుని కదిపే వీలు మాత్రం ఇక్కడ ఇవ్వకండి. చివర తగ్గించడం నిమిషాల పని. మొదలు కదపడమంటే లోపలి డేటా మొత్తాన్ని మోయడం, అది గంటలు పట్టొచ్చు, మధ్యలో కరెంటు పోతే అంతే సంగతులు. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లు మీ బడుల్లో ఎన్ని ఉంటాయో మీకే తెలుసు. లాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టి ఉందో లేదో చూసుకోండి.

సొంతంగా చేసుకునే స్క్రీన్ విషయంలో ఒక చరిత్ర తెలుసుకుంటే మంచిది. 2013 జనవరిలో వచ్చిన ఫెడోరా 18 (ఇంకొక లినక్స్)లో దాని ఇన్‌స్టాలర్ అనకొండని కొత్తగా రాశారు. పార్టిషన్ల వరస చూపించే బదులు "రూట్ కావాలి, హోమ్ కావాలి" అని మౌంట్ పాయింట్లు (సిస్టమ్‌కి ఏ చోటు, సొంత ఫైళ్లకి ఏ చోటు అన్నవి) ముందు అడిగి, అవి ఎక్కడ కూర్చోవాలో ఇన్‌స్టాలరే చూసుకునేలా చేశారు. ఆలోచన తప్పు కాదు, కొత్తగా మొదలుపెట్టేవాడికి ఏం కావాలో అడగడం న్యాయమే. కానీ ఆ స్క్రీన్‌కి వచ్చేవాళ్లు కొత్తవాళ్లు కారు. డిస్క్ మీద ఫలానా చోట ఫలానా ముక్క ఉందని తెలిసి, దాన్నే వాడాలని పట్టుదలతో వచ్చినవాళ్లు. వాళ్లకి తమ డిస్క్ కళ్లముందు కనపడక విసుగొచ్చింది, విమర్శలు చాలా వచ్చాయి. తర్వాత కొన్ని వెర్షన్లకి బ్లివెట్ జీయూఐ అనే మామూలు పార్టిషన్ ఎడిటర్‌ని కూడా ఒక ఎంపికగా చేర్చారు. 2025 ఏప్రిల్‌లో ఫెడోరా 42 వర్క్‌స్టేషన్‌కి బ్రౌజర్ తరహా కొత్త ఇన్‌స్టాలర్ పెట్టారు, అందులో ముందు ఉద్దేశం అడుగుతారు, కావాలనుకున్నవాళ్లకి పార్టిషన్ ఎడిటర్ విడిగా ఉంటుంది. నా మాటకొస్తే, మొదటి స్క్రీన్‌లో ఉద్దేశం అడగండి, మాన్యువల్ స్క్రీన్‌లో డిస్క్‌ని ఉన్నది ఉన్నట్టు వరసగా చూపించి పక్కన "దీన్ని దేనికి వాడాలి" అనే గడి పెట్టండి. రెండిటినీ కలిపి ఒకే స్క్రీన్ చేయబోకండి.

ఆ మాన్యువల్ స్క్రీన్‌లో "ఫార్మాట్ చేయాలా" అనేది ఏదో డైలాగ్ లోపల దాక్కోకుండా ప్రతి వరసలో కనిపించాలి, ఉన్న పార్టిషన్లకి అది ఆఫ్‌లోనే మొదలవ్వాలి. ఈఎఫ్‌ఐ పార్టిషన్ (కంప్యూటర్‌ని లేపే బూట్ లోడర్ ఉండే చోటు) విషయంలో ఇంకా కఠినంగా ఉండండి. విండోస్ పెట్టుకున్న 100 ఎంబీ ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ని ఫార్మాట్ కొడితే విండోస్ బూట్ లోడర్ పోతుంది, సి డ్రైవ్ భద్రంగా ఉన్నా కంప్యూటర్ లేవదు. దాన్ని వాడుకోవచ్చు, ఫార్మాట్ చేయడం మాత్రం కుదరదు అన్నట్టు ఉంచండి. రెండు డిస్క్‌లు ఉన్నప్పుడు బూట్ లోడర్ ఏ డిస్క్‌లో పడుతుందో కూడా చెప్పాలి. ఉబుంటు పాత ఇన్‌స్టాలర్ మీద ఏళ్ల తరబడి ఉన్న ఫిర్యాదు ఇదే: మనం యూఎస్‌బీ డిస్క్ ఎంచుకున్నా బూట్ లోడర్ వెళ్లి లోపలి డిస్క్‌లోని ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో కూర్చునేది.

స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద వాడే చోటు) ఎంత, పార్టిషన్లు 1 ఎంబీ దగ్గర మొదలెట్టాలా, జీపీటీతో పాత బయాస్ అయితే ఆ చిన్న బయాస్ బూట్ పార్టిషన్ కావాలా, ఇవేవీ మనిషిని అడగకండి. అవసరమైనవి మీరే పెట్టేయండి. స్వాప్‌కి ఫైల్ చాలు, ఉబుంటు 17.04 నుంచి అదే పద్ధతి. రూట్‌కి ఎంత, హోమ్‌కి ఎంత అన్న పాత తలనొప్పి బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లోని సబ్‌వాల్యూమ్‌లతో (విభాగాలతో) పోతుంది, చోటు రెండిటికీ ఉమ్మడి. ఫెడోరా 33 నుంచి డెస్క్‌టాప్‌లకి అదే డిఫాల్ట్.

ఎన్‌క్రిప్షన్ అడిగితే పాస్‌వర్డ్ గడిలో కీబోర్డ్‌ని ఇంగ్లీష్ లేఅవుట్‌కి మార్చి, ఆ సంగతి గడి పక్కనే చూపించండి. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ ఎంచుకున్న టీచర్ ఎవరైనా పాస్‌వర్డ్ తెలుగులో కొడితే, బూట్ సమయంలో దాన్ని మళ్లీ కొట్టే దారే ఉండదు. గ్రబ్ అనే బూట్ లోడర్ అడిగే చోట అయితే మామూలుగా అమెరికన్ లేఅవుట్ ఒక్కటే.

ఇక నిర్ధారణ. "మీరు ఖచ్చితంగా చేయాలనుకుంటున్నారా? అవును, కాదు" అనే పెట్టె ఉన్నా లేనట్టే. ఎవరూ చదవరు. అక్కడ ఉండాల్సింది ఏం పోతుంది, ఏం ఉంటుంది అన్న రెండు జాబితాలు. ఉదాహరణకి ఇలా:

చెరిగిపోయేది: డి డ్రైవ్, 350 జీబీ. అందులో 212 జీబీ ఫైళ్లు ఉన్నాయి (పెళ్లి ఫొటోలు, ట్యాలీ బ్యాకప్).
అలాగే ఉండేది: సి డ్రైవ్, విండోస్ 11.

కింద బటన్ మీద "సరే" కాకుండా "డి డ్రైవ్ చెరిపి ఇన్‌స్టాల్ చేయి" అని ఉండాలి, ఎంటర్ కొడితే వెనక్కి వెళ్లే బటన్ పడాలి. డెబియన్ సొంత ఇన్‌స్టాలర్ కూడా మార్పులు రాయమంటారా అని అడిగే చోట "వద్దు"నే ముందు ఉంచుతుంది. చెరిపేది ఎర్ర రంగులో ఉంటే మంచిదే, కానీ రంగు ఒక్కటే నమ్ముకోకండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లు ఉంటారు, బడుల్లో పాత ప్రొజెక్టర్లు ఉంటాయి. అడ్డగీతలో, మాటో తోడు ఉండాలి.

ఈ బటన్ నొక్కేదాకా డిస్క్ మీద ఒక్క బైట్ పడకూడదు, ఆ మాట పార్టిషన్ స్క్రీన్ మీద మొదటి నుంచీ కనిపిస్తూ ఉండాలి. ఫెడోరా పాత తరహా ఇన్‌స్టాలర్‌లో ఇన్‌స్టాల్ మొదలెట్టే బటన్ పక్కన ఉండే ఆ చిన్న హామీ వాక్యం వల్ల జనం ధైర్యంగా అటూ ఇటూ నొక్కి చూస్తారు. పార్టెడ్ కమాండ్ అయితే చెప్పిన వెంటనే చేసేస్తుంది, జీపార్టెడ్ వరసలో పెట్టుకుని అప్లై నొక్కితేనే చేస్తుంది. మీ కోడ్ రెండో తరహాలో ఉండాలి.

ఈ పట్టుదల ఎందుకంటే, పొరపాటు దిద్దుకునే వీలు ఇప్పుడు బాగా తగ్గిపోయింది. హార్డ్‌డిస్క్ రోజుల్లో ఫార్మాట్ అయ్యాక కూడా టెస్ట్‌డిస్క్ లాంటి వాటితో ఎంతో కొంత లాక్కొచ్చేవాళ్లం. ఎస్‌ఎస్‌డీ మీద ఈఎక్స్‌టీ 4 ఫార్మాట్ మొదలవగానే ఆ పార్టిషన్ మొత్తం ఖాళీ అని డిస్క్‌కి చెప్పేస్తుంది. కమాండ్ చేతితో కొట్టినప్పుడు "డిస్కార్డింగ్ డివైస్ బ్లాక్స్" అని ఒక వరస వచ్చి పోతుంది చూడండి, అదే. ఆ తర్వాత రికవరీ షాపు చుట్టూ తిరిగినా ఫలితం దాదాపు ఉండదు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫార్మాట్ కూడా ఇదే పని చేస్తుంది. ఇలా ఖాళీ అని చెప్పడాన్ని (డిస్కార్డ్) ఫార్మాట్ సమయంలో ఆపేసి, వారానికోసారి నడిచే ఎఫ్‌ఎస్‌ట్రిమ్ టైమర్‌కి వదిలేయొచ్చు. వేగంలో పోయేది పెద్దగా ఏమీ ఉండదు, తప్పు నొక్కినవాడికి కాస్త గడువు దొరుకుతుంది.

బటన్ నొక్కాక పనుల వరస కూడా డిజైన్‌లో భాగమే. మొదట పాత పార్టిషన్ టేబుల్‌ని ఎస్‌ఎఫ్‌డిస్క్ అనే కమాండ్ డంప్‌తో పెన్‌డ్రైవ్ మీదికి రాసి పెట్టండి, అది చిన్న టెక్స్ట్ ఫైల్. తర్వాత విండోస్ పార్టిషన్ లోపలి ఫైల్ సిస్టమ్ తగ్గించడం, ఆపైన టేబుల్ మార్చడం, కొత్త పార్టిషన్ ఫార్మాట్, ఫైళ్ల కాపీ. బూట్ లోడర్ అన్నిటికన్నా చివర. ఈ వరసలో కాపీ మధ్యలో ఏది చెడినా మళ్లీ ఆన్ చేస్తే విండోస్ లేస్తుంది. సైజు తగ్గించాక విండోస్ మొదటిసారి డిస్క్ చెక్ చేసుకుంటుందని ఇన్‌స్టాల్ పూర్తయిన పేజీలో ఒక వాక్యం రాయండి, లేకపోతే ఆ నల్ల స్క్రీన్ చూసి మీకు ఫోన్ వస్తుంది.

కాలమారెస్సా, సొంతమా అంటే కాలమారెస్సే. డెబియన్ లైవ్ ఇమేజ్‌లలో 10వ వెర్షన్ నుంచి అదే ఉంది. ఇప్పటి స్థితి, తర్వాతి స్థితి అని రెండు పట్టీలు ఒకదాని కింద ఒకటి చూపించడం దానిలో మంచి గుణం. సైజు మార్చడం, ఎంబీఆర్, జీపీటీ తేడాలు, రెయిడ్ అవశేషాలు, ఈ చెత్తంతా సొంతంగా రాయడానికి కూర్చుంటే మీ రిలీజ్ ఎప్పటికీ బయటికి రాదు. ఇద్దరు ముగ్గురు డెవలపర్లే ఉంటే నేను చెప్పే వరస ఇది. ఈ రిలీజ్‌లో ఆర్‌ఎస్‌టీ తనిఖీ, బిట్‌లాకర్ సందేశం, బటన్ల మీద మాటలు. ఇవి కొద్ది రోజుల పని, పార్టిషన్ మాడ్యూల్‌ని పెద్దగా ముట్టుకోకుండానే అవుతాయి. డ్రైవ్ అక్షరాలు, ఫోల్డర్ల పేర్లు తర్వాతి రిలీజ్‌కి. రిజిస్ట్రీ చదివే భాగం విడి ప్రోగ్రామ్‌గా రాస్తే కాలమారెస్ వాళ్లకి తిరిగి పంపడం కూడా తేలికవుతుంది.

పరీక్షించేటప్పుడు ఖాళీ వర్చువల్ డిస్క్‌తో మొదలుపెట్టకండి. ఖాళీ డిస్క్ మీద అన్ని ఇన్‌స్టాలర్లూ బ్రహ్మాండంగానే పనిచేస్తాయి, డెవలపర్లు రోజూ చూసేది అదే కాబట్టి ఈ స్క్రీన్లు ఇలా తయారవుతాయి. సి, డి, ఈ ఉన్న విండోస్ ఇమేజ్, షట్‌డౌన్ చేసి వదిలేసిన విండోస్, బిట్‌లాకర్ ఉన్నది, నాలుగు ప్రైమరీలు నిండిన ఎంబీఆర్, సగంలో ఆగిన పాత లినక్స్, రెండు డిస్క్‌లది క్యూఈఎంయూ అనే వర్చువల్ మెషీన్‌లో తయారు చేసి పెట్టుకోండి. ప్రతి బిల్డ్‌నీ వాటి మీద నడిపి, నిర్ధారణ బటన్‌కి ముందు ఆపేసి, ఇమేజ్ చెక్‌సమ్ (లోపల ఒక్క బైట్ మారినా మారిపోయే సంఖ్య) మారిందేమో చూడండి. మారితే ఎక్కడో మీరు రాస్తున్నారన్నమాట. మనుషులతో పరీక్షించేటప్పుడు మాత్రం "ఇన్‌స్టాల్ చేయండి" అని చెప్పకండి. స్క్రీన్ చూపించి "మీ ఫొటోలు ఇందులో ఎక్కడ ఉన్నాయి?" అని అడిగి, వేలు ఎటు వెళ్తుందో చూడండి.